బ్రిటన్, ఐర్లాండ్ ఇండీ పాప్ బ్యాండ్లను పేరు రాకముందే పట్టుకోవడం ఎలా?

"వెట్ లెగ్ లాంటి బ్యాండ్లు ఇంకేమున్నాయి?" "ఫాంటెయిన్స్ డి.సి. అయిపోయింది, తర్వాత ఎవరిని వినాలి?" "ఇవన్నీ మీకు ముందే ఎలా తెలుస్తాయి?" ఈ మూడు ప్రశ్నలూ నాకు వస్తూనే ఉంటాయి. పేర్ల జాబితా ఇచ్చేస్తే తేలికే, కానీ ఆరు నెలల్లో అది పాతబడిపోతుంది. అందుకే ఈసారి పేర్లు కాకుండా, పేర్లు దొరికే దారి రాస్తున్నాను. దారి తెలిస్తే మళ్లీ ఎవర్నీ అడగాల్సిన పని ఉండదు.

ముందు ఒక చిన్న లెక్క. "ఎదుగుతున్న బ్యాండ్" అని నేను అనేది మొదటి ఆల్బమ్ ఇంకా రానిదాన్ని, లేదా వచ్చి ఏడాది దాటనిదాన్ని. ఇండీ పాప్ అంటే చిన్న లేబుల్‌తోనో (లేబుల్ అంటే పాటలు విడుదల చేసే కంపెనీ), సొంత డబ్బుతోనో మొదలై, గిటార్లున్నా పాడుకోవడానికి ట్యూన్ గట్టిగా ఉండే సంగీతం. ఇంతకంటే నిర్వచనం మనకు అవసరం లేదు.

కావలసినవి

- ఏదో ఒక స్ట్రీమింగ్ యాప్. స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, యూట్యూబ్ మ్యూజిక్, మీ దగ్గర ఏదుంటే అది.
- బ్యాండ్లు తమ పాటలను నేరుగా అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో ఒక ఖాతా. ఉచితమే. ఇది లేకపోతే కింద చెప్పేదాంట్లో సగం పని జరగదు.
- ఫోన్‌లో ఒక నోట్ లేదా ఎక్సెల్ షీట్. అందులో ఐదు గడులు: బ్యాండ్ పేరు, ఊరు, లేబుల్, మీకు ఎక్కడ తగిలింది, మొదటిసారి విన్న తేదీ. తేదీ రాయడం మర్చిపోవద్దు, చివర్లో దాంతోనే పని.
- వారానికి రెండు గంటలు. రోజుకు పదిహేను నిమిషాలు కాకుండా, ఒకేసారి కూర్చుంటే మంచిది.
- పాటలు కొనాలనుకుంటే, అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉన్న కార్డు. మన బ్యాంకులు చాలావరకు దీన్ని ఆఫ్‌లో ఉంచుతాయి. బ్యాంక్ యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలి.

పేర్లన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వెతికేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి, పక్కన ఊరి పేరు కూడా చేర్చండి. ఎందుకో తప్పుల దగ్గర చెప్తాను.

1. ఒక్క బ్యాండ్‌తో మొదలుపెట్టండి

కోల్డ్‌ప్లే, ఆర్కిటిక్ మంకీస్ లాంటి పెద్ద పేర్లతో మొదలుపెట్టకండి. అంత పెద్దవాళ్ల చుట్టూ ఉండేవాళ్లందరూ పెద్దవాళ్లే. గత ఐదారేళ్లలో వచ్చిన ఒక బ్యాండ్‌ను ఎంచుకోండి. ఏదీ తట్టకపోతే వీటిలో ఒకటి తీసుకోండి:

ఐల్ ఆఫ్ వైట్ నుంచి వచ్చిన వెట్ లెగ్ (చిలిపి మాటలు, చురుకైన గిటార్లు). లీడ్స్ బ్యాండ్ ఇంగ్లిష్ టీచర్ (మాట్లాడుతున్నట్టు మొదలై పాటగా మారే పద్ధతి). గాల్వేకి చెందిన న్యూడాడ్ (మసక మసకగా, కలలో ఉన్నట్టుండే గిటార్లు). ఐర్లాండ్ గాయని సీమ్యాట్ (కంట్రీ, పాప్ కలిపి, నవ్విస్తూనే ఏడిపించే పాటలు). స్కాట్లాండ్ అక్కాచెల్లెళ్లిద్దరి బ్యాండ్ ద కార్డ్స్ (1980ల చివరి ఇండీ పాప్ వాసన నిండుగా ఉన్నది).

ఎంచుకున్నాక మూడు నాలుగు పాటలు విని, ఏం నచ్చిందో ఒక్క వాక్యం రాయండి. గొంతా, గిటారా, మాటలా? "బాగుంది" అని రాస్తే పనికిరాదు. "పల్లవి రెండోసారి వచ్చినప్పుడు డ్రమ్స్ ఆగిపోవడం నచ్చింది" అని రాస్తే పనికొస్తుంది. ఇది రాయనివాళ్లు నాలుగో మెట్టు దగ్గరికొచ్చేసరికి దొరికినవన్నీ వింటూ, ఏదీ ఎక్కక విసిగిపోతారు.

2. లేబుల్ తీగ పట్టుకోండి

నాకు ఎక్కువ బ్యాండ్లు దొరికింది ఈ దారిలోనే. బ్రిటన్‌లో చిన్న లేబుళ్లు చాలావరకు ఒకరిద్దరు నడిపేవే. వాళ్లకు నచ్చితేనే పాట బయటికొస్తుంది. వాళ్ల అభిరుచి మీకు కలిసిందంటే తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

ఒక ఉదాహరణ పూర్తిగా చూపిస్తాను. బ్రిస్టల్‌లో 1987 నుంచి 1995 దాకా సారా రికార్డ్స్ అనే లేబుల్ ఉండేది. ఇండీ పాప్ అభిమానులు ఇప్పటికీ ఆ పేరు వింటే కదిలిపోతారు. అందులో హెవెన్లీ అనే బ్యాండ్ ఉండేది. ఆ బ్యాండ్‌లో పాడిన అమీలియా ఫ్లెచర్, అందులోనే వాయించిన రాబ్ పర్సీ ఇప్పుడు స్కెప్ వాక్స్ అనే లేబుల్ నడుపుతున్నారు. ద కార్డ్స్ మొదటి ఆల్బమ్ 2025లో ఆ లేబుల్ నుంచే వచ్చింది. అంటే ముప్పై ఏళ్ల కిందటి బ్యాండ్ ఒకటి మీకు నచ్చిందంటే, నాలుగు క్లిక్కుల్లో నిన్నగాక మొన్న వచ్చిన బ్యాండ్ దగ్గరికి చేరతారు.

ఎలా చూడాలి? స్పాటిఫైలో ఆల్బమ్ పాటలన్నీ అయ్యాక, అట్టడుగున చిన్న అక్షరాల్లో హక్కుల వరుస ఉంటుంది. అక్కడ లేబుల్ పేరు కనిపిస్తుంది. ఆ పేరును బ్యాండ్‌క్యాంప్‌లో కొట్టి, ఆ లేబుల్ గత ఏడాదిలో విడుదల చేసినవన్నీ చూడండి. బ్యాండ్‌క్యాంప్‌లో లేకపోతే డిస్కాగ్స్ సైట్‌లో లేబుల్ పేజీ ఉంటుంది.

జాగ్రత్త: ఆల్బమ్ మీద ఉన్న లేబుల్ కాదు, మొట్టమొదటి సింగిల్ (విడిగా వచ్చే ఒక్క పాట) లేదా ఈపీ (నాలుగైదు పాటల చిన్న రికార్డు) మీద ఉన్న లేబుల్ చూడండి. ఏటి మేటి ఆల్బమ్‌కిచ్చే మెర్క్యురీ ప్రైజ్‌ను ఇంగ్లిష్ టీచర్‌కు 2024లో తెచ్చిన ఆల్బమ్ పెద్ద కంపెనీ యూనివర్సల్ కిందుండే ఐలాండ్ నుంచి వచ్చింది. ఐలాండ్ వెంట పడితే మీకు చిన్న బ్యాండ్లు దొరకవు. కానీ 2022లో వాళ్ల ఈపీ వేసింది నైస్ స్వాన్ అనే చిన్న లేబుల్. మన తీగ అది.

ఇంకో దారి: లేబుల్ ఎటూ తీసుకెళ్లకపోతే నిర్మాతను, అంటే స్టూడియోలో దగ్గరుండి రికార్డింగ్ చేయించే మనిషిని చూడండి. లండన్‌లో డాన్ కేరీ అనే నిర్మాత ఉన్నాడు. డబ్లిన్ బ్యాండ్ ఫాంటెయిన్స్ డి.సి. 2019 నాటి మొదటి ఆల్బమ్ ఆయన చేసిందే, వెట్ లెగ్ మొదటి ఆల్బమ్‌లో ఎక్కువ భాగం కూడా ఆయనదే. ఆయన సొంత లేబుల్ స్పీడీ వండర్‌గ్రౌండ్ కొత్త బ్యాండ్ల సింగిల్స్‌కి పేరుపడింది. ఒక్క పేరుతో ఇటు డబ్లిన్, అటు ఐల్ ఆఫ్ వైట్ రెండూ కలిసిపోయాయి చూడండి.

3. పోస్టర్‌లో కింది పేర్లు చదవండి

ఏ కచేరీ పోస్టర్ అయినా పైన పెద్ద అక్షరాల్లో ప్రధాన బ్యాండ్, కింద చిన్న అక్షరాల్లో సపోర్ట్ బ్యాండ్లు, అంటే ప్రధాన బ్యాండ్ కంటే ముందు వాయించేవాళ్లు. మనకు కావాల్సింది ఆ కింది వరుస. 1993 మేలో క్రియేషన్ రికార్డ్స్ అధినేత అలన్ మెక్‌గీ గ్లాస్గోలోని కింగ్ టట్స్ హాలుకి వేరే బ్యాండ్ కోసం వెళ్తే, ఆ రాత్రి ముందుగా వాయించింది తర్వాత ప్రపంచమంతా పేరు మోగిన ఒయాసిస్. అక్కడికక్కడే ఒప్పందం మాటొచ్చింది. కింది వరుసకు ఉన్న విలువ అది.

ఇలా చేయండి. మీరు మొదటి మెట్టులో ఎంచుకున్న బ్యాండ్ ఇన్‌స్టాగ్రామ్‌లోకి వెళ్లి, గత రెండు టూర్ల పోస్టర్లు వెతకండి. సపోర్ట్ చేసినవాళ్ల పేర్లన్నీ రాసుకోండి. ఒక్కొక్కరిదీ ఒక్కో పాట వినండి. ఒకే పేరు రెండు మూడు వేర్వేరు బ్యాండ్ల పోస్టర్ల మీద కనిపిస్తే, పాట మొదటి వినికిడిలో నచ్చకపోయినా సరే జాబితాలో చేర్చండి. తోటి సంగీతకారులు ఎంచుకున్నారంటే స్టేజీ మీద ఏదో ఉందన్నమాటే.

ఆ తర్వాత హాళ్ల పని. ఈ కింది హాళ్ల వెబ్‌సైట్లలో రాబోయే రెండు నెలల జాబితా తెరవండి, తెలియని పేర్లన్నీ వినండి:

- లండన్: బ్రిక్స్‌టన్‌లోని విండ్‌మిల్, ద లెక్సింగ్టన్, మాత్ క్లబ్
- లీడ్స్: బ్రూడెనెల్ సోషల్ క్లబ్
- మాంచెస్టర్: యెస్, నైట్ అండ్ డే కేఫ్
- గ్లాస్గో: కింగ్ టట్స్, ద హగ్ అండ్ పింట్
- కార్డిఫ్: క్లబ్ ఈవోర్ బాఖ్
- డబ్లిన్: వీలన్స్, ద వర్క్‌మన్స్ క్లబ్
- గాల్వే: రోషీన్ డవ్
- బెల్‌ఫాస్ట్: లైమ్‌లైట్, ఓ యా మ్యూజిక్ సెంటర్

అన్నీ ఒకేసారి పెట్టుకోకండి. రెండు హాళ్లు చాలు. నన్నడిగితే విండ్‌మిల్, వీలన్స్‌తో మొదలుపెట్టమంటాను. ద లాస్ట్ డిన్నర్ పార్టీ ఒక్క పాట కూడా విడుదల చేయకముందు, 2022లో, విండ్‌మిల్‌లో వాళ్ల ప్రదర్శనను ఎవరో తీసి యూట్యూబ్‌లో పెడితే ఆ వీడియోతోనే పేరు పాకింది. మొదటి సింగిల్ 2023 ఏప్రిల్‌లో గానీ రాలేదు. 2024కి కొత్తవాళ్ల కోసం బీబీసీ ఏటా వేసే సౌండ్ జాబితాలో మొదటి స్థానం, బ్రిటన్ సంగీత అవార్డులు బ్రిట్స్ వారి రైజింగ్ స్టార్ అవార్డు రెండూ వాళ్లవే. స్ట్రీమింగ్ యాప్‌ను మాత్రమే నమ్ముకున్నవాళ్లకు ఆ బ్యాండ్ ఉందని తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది. అందుకే హాలు పేరు, ఏడాది కలిపి యూట్యూబ్‌లో వెతకడం అలవాటు చేసుకోండి.

4. బ్యాండ్‌క్యాంప్‌లో ఊరి పేరుతో వెతకండి

బ్యాండ్‌క్యాంప్‌లో ప్రతి విడుదలకూ బ్యాండ్ వాళ్లే ట్యాగ్‌లు పెట్టుకుంటారు. శైలి ఒక ట్యాగ్, ఊరు ఒక ట్యాగ్. "ఇండీ పాప్" తెరిచి, ఊరు గ్లాస్గో అనో కార్క్ అనో పెట్టి, "కొత్తవి ముందు" వరుసలో చూడండి. "బాగా అమ్ముడైనవి" వరుసలో చూస్తే మళ్లీ తెలిసిన పేర్లే వస్తాయి.

ఒక పేజీ తెరిచాక ఏం చూడాలో వివరంగా చెప్తాను, చాలామంది ఇక్కడే తొందరపడతారు. ప్లే నొక్కి వదిలేయకండి. పాటల జాబితా కింద నాలుగైదు వాక్యాల వివరం ఉంటుంది. ఎక్కడ రికార్డ్ చేశారు, ఎవరు మిక్స్ చేశారు, ఎవరు డ్రమ్స్ వాయించారు అన్నీ అక్కడుంటాయి. "ఇంట్లో వంటగదిలో రికార్డ్ చేశాం" అని ఉంటే భయపడొద్దు, శబ్దం గరుకుగా ఉన్నా ట్యూన్ ఉందా అని మాత్రమే వినండి. డ్రమ్మర్ పేరు మరో బ్యాండ్‌లో కనిపిస్తే అది ఇంకో తీగ. ఆ కింద విడుదల తేదీ. దాని కింద ట్యాగ్‌లు.

ఇక కవర్ బొమ్మ దగ్గర చిన్న చిన్న చతురస్రాలు వరుసగా కనిపిస్తాయి. అవి ఆ పాటలు డబ్బు పెట్టి కొన్న అభిమానుల బొమ్మలు. ఈ పేజీలో అన్నిటికంటే విలువైనది అదే. కొందరు ఒకటి రెండు వాక్యాల్లో ఎందుకు కొన్నారో కూడా రాస్తారు. ఆ మాటలు చదివి, మీలాంటి చెవి ఉన్న మనిషిని ఒకరిని ఎంచుకోండి. ఆ బొమ్మ మీద నొక్కితే వాళ్లు ఇప్పటిదాకా కొన్నవన్నీ కనిపిస్తాయి. అలాంటి వాళ్లను ముగ్గుర్ని ఫాలో అయ్యారంటే, వాళ్లు కొత్తగా ఏది కొన్నా మీకు తెలుస్తూ ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న మనిషి సిఫారసుకి ఏ అల్గారిదమ్ సరిపోదని నా గట్టి నమ్మకం.

జాగ్రత్త: ఎల్పీ (గ్రామఫోన్ తరహా పెద్ద డిస్క్) రికార్డు ఫోటో చూసి వెంటనే ఆర్డర్ పెట్టేయకండి. ఇండియాకి పోస్టేజీ, పైన కస్టమ్స్ సుంకం కలిపితే రికార్డు ధరను దాటిపోవచ్చు. డిజిటల్ కొనండి. కొన్ని పేజీల్లో ధర మీరే నిర్ణయించుకోవచ్చు. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో సైట్ తన వాటా వదులుకుంటుంది. ఆ రోజు కొంటే బ్యాండ్‌కి ఎక్కువ చేరుతుంది.

5. రేడియో జాబితాలు చదవండి

బీబీసీ రేడియో 6 మ్యూజిక్ 2002లో మొదలైంది, ఈ సంగీతానికి ఇప్పటికీ పెద్ద దిక్కు. పేరులేని కళాకారులు పాటలు పంపుకునే బీబీసీ ఇంట్రడ్యూసింగ్ 2007లో వచ్చింది. బ్రిటన్ బయట ఉన్నవాళ్లకు 2025 జులై నుంచి బీబీసీ సౌండ్స్ యాప్ అందుబాటులో లేదు. అయినా కంగారు పడక్కర్లేదు. బీబీసీ వెబ్‌సైట్‌లో కార్యక్రమం పేజీ తెరిస్తే ఆ ఎపిసోడ్‌లో వేసిన పాటల జాబితా ఉంటుంది. రేడియో వినకుండా ఆ జాబితా చదివి, తెలియని పేర్లు మీ యాప్‌లో వెతుక్కుంటే సరిపోతుంది. కొత్త సంగీతం కోసమే పెట్టిన సాయంత్రపు కార్యక్రమాలు చూడండి. పగటి కార్యక్రమాల్లో పాత పాటలు ఎక్కువ.

పత్రికల్లో సో యంగ్, డీఐవై, ద లైన్ ఆఫ్ బెస్ట్ ఫిట్ చాలు. డిసెంబర్, జనవరిల్లో అందరూ "ఈ ఏడాది చూడాల్సిన బ్యాండ్లు" అని జాబితాలు వేస్తారు. వాటిని వినండి గానీ, అప్పటికే మేనేజర్లు, పెద్ద లేబుళ్లు చేరిపోయిన బ్యాండ్లే వాటిలో ఎక్కువని గుర్తుంచుకోండి. వాటికంటే బ్రైటన్‌లో 2006 నుంచి ప్రతి మేలో జరిగే ద గ్రేట్ ఎస్కేప్ ఉత్సవం జాబితా మేలు. ముందే ప్రకటించే యాభై పేర్లను వరుసగా వింటే ఒక ఆదివారం సరిపోతుంది. అందులో బ్రిటన్, ఐర్లాండ్ కాని బ్యాండ్లు కూడా ఉంటాయి, ఊరు చూసి వడపోయండి.

6. ఐర్లాండ్‌ను విడిగా వెతకండి

లండన్ పత్రికలు చూస్తే ఐర్లాండ్ కూడా వచ్చేస్తుందని అనుకుంటాం. రాదు. లండన్ దాకా వచ్చిన ఐరిష్ బ్యాండ్ అప్పటికే సొంత గడ్డ మీద రెండు మూడేళ్లు వాయించి ఉంటుంది. ఆ రెండు మూడేళ్లు మనకు కావాలి.

హాట్ ప్రెస్ పత్రిక 1977 నుంచి ఉంది. నైలర్ నైన్ సైట్ 2005 నుంచి కొత్త ఐరిష్ సంగీతం గురించి రాస్తోంది, ఐర్లాండ్‌కి ఒక్కటే చదువుతానంటే అదే చదవండి. వీలన్స్‌లో ప్రతి జనవరిలో "వన్స్ టు వాచ్" పేరుతో కొత్తవాళ్ల ప్రదర్శనలు వరుసగా జరుగుతాయి. ఆ పోస్టర్‌ను దాచుకోండి. అక్టోబర్‌లో డబ్లిన్‌లో ఐర్లాండ్ మ్యూజిక్ వీక్ ఉంటుంది, దాని జాబితాలో యాభైకి అటూ ఇటూగా కొత్త పేర్లు దొరుకుతాయి. కెర్రీ జిల్లాలో డింగిల్ అనే చిన్న ఊరి చర్చిలో చిత్రించే అదర్ వాయిసెస్ ప్రదర్శనలు యూట్యూబ్‌లో ఉన్నాయి. పేరున్నవాళ్ల పక్కనే కొత్తవాళ్లూ అదే చర్చిలో పాడతారు. అక్కడ వెనక దాక్కోవడానికి ఏమీ ఉండదు కాబట్టి, ఒక బ్యాండ్ సత్తా తేల్చుకోవడానికి నాకు అంతకంటే మంచి వీడియోలు తెలియవు.

ఐర్లాండ్ ప్రభుత్వం 2022లో రెండు వేల మంది కళాకారులకు వారానికి 325 యూరోలు ఇచ్చే ప్రయోగం మొదలుపెట్టింది. అద్దెలు మండిపోతున్న డబ్లిన్‌లో వాయించుకుంటూ బతకడం ఎంత కష్టమో, ఆ సాయం ఎంత అవసరమో దాన్ని బట్టే అర్థం చేసుకోవచ్చు. మన దగ్గర కూడా ఇలాంటిది రావాలని మనసారా కోరుకుంటాను.

జాగ్రత్త: ఐరిష్ బ్యాండ్‌ను ఎప్పుడూ బ్రిటిష్ బ్యాండ్ అనకండి. వాళ్లకు అది నిజంగా బాధ కలిగించే మాట. మెర్క్యురీ ప్రైజ్‌కి బ్రిటన్, ఐర్లాండ్ ఆల్బమ్‌లు రెండూ అర్హమే కాబట్టి అక్కడ కనిపించిన వాళ్లందరూ బ్రిటిష్ అనుకునే ప్రమాదం ఉంది. ఉత్తర ఐర్లాండ్ బ్యాండ్ అయితే వాళ్లు తమను ఏమని చెప్పుకుంటున్నారో అదే రాయండి. తెలియకపోతే "బెల్‌ఫాస్ట్ బ్యాండ్" అంటే సరిపోతుంది.

7. వడపోత

ఇప్పటికి మీ నోట్‌లో నలభై యాభై పేర్లు చేరి ఉంటాయి. వారానికి ఐదు మించి వినకండి. ఒక్కో బ్యాండ్‌వి రెండు పాటలు ఒక రోజు, అవే రెండు పాటలు రెండు రోజులు ఆగి ఇంకోసారి. రెండోసారి వినకముందే ట్యూన్ గుర్తొస్తోందా? అయితే ఉంచండి. గుర్తు రాకపోతే తీసేయండి, మొహమాటం వద్దు. మాటలు పట్టుబడకపోతే అది బ్యాండ్ తప్పు కాదు. గ్లాస్గో, కార్క్ యాసలు మన చెవికి పట్టడానికి టైమ్ పడుతుంది. మాటలు రాసి ఉన్న పేజీ చూస్తూ వినండి.

కొత్త పాటలు శుక్రవారం వస్తాయి, 2015 నుంచి ప్రపంచమంతా అదే రోజు. కాబట్టి మీ రెండు గంటలు శనివారానికి పెట్టుకుంటే అనువుగా ఉంటుంది.

8. అసలు బ్యాండేనా అని చూడండి

రెండేళ్ల కిందట ఈ మెట్టు అవసరం ఉండేది కాదు. 2025లో ద వెల్వెట్ సన్‌డౌన్ అనే "బ్యాండ్" స్పాటిఫైలో కొన్ని వారాల్లోనే నెలకు పది లక్షల మంది శ్రోతలను దాటింది. తర్వాత అది కృత్రిమ మేధతో చేసిన పని అని వాళ్ల పేజీలోనే రాసుకున్నారు. నిజంగా వాయించేవాళ్ల కోసం వెతుకుతున్నాం కాబట్టి ఈ నాలుగూ చూడండి:

- ప్రేక్షకులు ఫోన్‌తో తీసిన లైవ్ వీడియో ఒక్కటైనా ఉందా?
- ఏదైనా హాలు సొంత వెబ్‌సైట్‌లో వాళ్ల పేరు, తేదీ ఉన్నాయా?
- వాయించినవాళ్ల పేర్లు ఎక్కడైనా రాశారా?
- ఇతర బ్యాండ్లు వాళ్లతో కలిసి ఉన్న ఫోటోలు పెట్టాయా?

రెండిటికి "అవును" వస్తే నమ్మొచ్చు. పడకగదిలో ఒంటరిగా పాటలు చేసే కుర్రాళ్లకు, అమ్మాయిలకు లైవ్ వీడియో ఉండకపోవచ్చు. అలాంటప్పుడు మూడో ప్రశ్న మీద ఆధారపడండి.

మీరు అక్కడే ఉంటే

లీడ్స్, మాంచెస్టర్, గ్లాస్గో, డబ్లిన్‌లలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. ఇక్కడున్న మాలాంటి వాళ్లకు లేని అదృష్టం మీది, వాడుకోండి. చిన్న హాళ్లలో కొత్త బ్యాండ్ల టికెట్ ఒక పూట బయట తిన్నంత ఖర్చులో వస్తుంది. డైస్ లేదా సాంగ్‌కిక్ యాప్‌లో మీ ఊరు పెట్టుకోండి.

టికెట్ మీద రాసిన సమయం తలుపులు తెరిచే సమయం. ప్రధాన బ్యాండ్ గంటన్నర, రెండు గంటల తర్వాత గానీ రాదు. అందరూ అప్పటికి వస్తారు. మీరు మాత్రం తలుపులు తెరిచేసరికి ఉండండి, మనం వెళ్లేదే మొదటి బ్యాండ్ కోసం. పాట అయ్యాక వాళ్లే టేబుల్ దగ్గర నిలబడి టీషర్టులు, సీడీలు అమ్ముతుంటారు. వెళ్లి పలకరించండి, "ఈ ఊళ్లో మీకు నచ్చిన ఇంకో బ్యాండ్ ఏది?" అని అడగండి. ఇంత తేలిగ్గా, ఇంత నమ్మకంగా సమాధానం దొరికే చోటు ఇంకోటి లేదు.

వయసు నిబంధన ముందే చూసుకోండి, కొన్ని ప్రదర్శనలకు 18 నిండాలి. బ్రిటన్‌లో పాత బీఆర్పీ కార్డుల (విదేశీయుల నివాస అనుమతి కార్డులు) బదులు ఈ-వీసా వచ్చేసింది కాబట్టి గుర్తింపు కోసం పాస్‌పోర్టు పట్టుకెళ్లాల్సి వస్తుంది. అది పోతే పెద్ద టెన్షన్. ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్స్ తీసుకుంటే ఆ బాధ తప్పుతుంది. చెవులకు ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి. చివరి బస్సు ఎన్నింటికో చూసి వెళ్లండి.

ఎక్కువగా జరిగే తప్పులు

*నెలవారీ శ్రోతల సంఖ్య చూసి తీర్పు చెప్పడం.* మూడు వందల మంది వింటున్న బ్యాండ్ కోసమే కదా ఈ ప్రయాసంతా. సంఖ్యను అసలు చూడకండి.

*ఒకే పేరున్న బ్యాండ్లను కలిపేయడం.* పైన చెప్పిన హెవెన్లీ పేరుతోనే ఫ్రాన్స్‌లో ఒక పవర్ మెటల్ బ్యాండ్ ఉంది. ఇండీ పాప్ అనుకుని తెరిస్తే చెవులు అదిరిపోతాయి. యాప్‌లు కూడా ఒక్కోసారి ఇద్దరి పాటలూ ఒకే పేజీలో కలిపేస్తాయి. ఊరి పేరు చేర్చి వెతకమన్నది ఇందుకే.

*ఒక్క వైరల్ పాట విని ఫాలో అయిపోవడం.* కనీసం ఒక ఈపీ, అంటే నాలుగు పాటలు వినండి. మూడోది, నాలుగోది కూడా నిలబడితేనే జాబితాలోకి.

*"వీళ్లను ఎవరో వెనకుండి తోశారు" అనే వాదనల్లో పడిపోవడం.* వెట్ లెగ్ మొదటి పాట 2021 జూన్‌లో వచ్చింది, 2022 ఏప్రిల్‌కల్లా ఆల్బమ్ బ్రిటన్‌లో నంబర్ వన్. వెంటనే ఈ గొడవ మొదలైంది. ద లాస్ట్ డిన్నర్ పార్టీ విషయంలోనూ అంతే. ఈ మాట అమ్మాయిల బ్యాండ్ల మీదే ఎక్కువగా పడుతుందన్నది గమనించండి. పాట వినండి, నచ్చితే ఉంచండి.

*లండన్‌తో ఆగిపోవడం.* ఐదు పేర్లలో నాలుగు లండన్‌వే అయితే మీ మూలాలు మార్చాలి. వేల్స్‌ను అందరూ మర్చిపోతారు. కార్మార్థెన్‌కి చెందిన అడ్‌వైత్ అనే అమ్మాయిల బ్యాండ్ వేల్ష్ భాషలోనే పాడి 2019లో వేల్ష్ మ్యూజిక్ ప్రైజ్ గెలిచింది. ఇంగ్లిష్ కాని పాట వినడం మనకు కొత్తేం కాదు, కాబట్టి అక్కడ ఆగొద్దు.

ఫలితం ఎలా చూసుకోవాలి?

మూడు నెలలయ్యాక నోట్ తెరవండి. ముందు తేదీల గడి చూడండి. మీరు రాసుకున్న తేదీకి ఆ బ్యాండ్ మొదటి ఆల్బమ్ వచ్చిందా, రాలేదా? జాబితాలో కనీసం సగం పేర్లకు "రాలేదు" అని ఉండాలి. లేకపోతే మీరు పత్రికల వెనక నడుస్తున్నారన్నమాట. మూడు, నాలుగు మెట్లకు టైమ్ పెంచి, ఐదో మెట్టుకు తగ్గించండి.

తర్వాత "ఎక్కడ తగిలింది" గడి. అన్నీ ఒకే చోట నుంచి వస్తే, అక్కడ నడిపే మనిషి అభిరుచే మీదైపోతుంది. మూడు వేర్వేరు చోట్లయినా కనిపించాలి.

ఇక ఊరు గడి. ఐదు ఊళ్లకు తక్కువ కాకూడదు, అందులో రెండు ఐర్లాండ్‌వి ఉండాలి.

చివరిగా, జాబితా మూసేసి, గుర్తున్న బ్యాండ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. నాలుగు పేర్లు వచ్చాయంటే మూడు నెలలకు అది మంచి ఫలితం. ఆ నాలుగింటిలో ఒకదాని మొదటి ఈపీ బ్యాండ్‌క్యాంప్‌లో కొనండి. మీ బొమ్మ కూడా ఆ చతురస్రాల వరుసలో చేరుతుంది, ఎందుకు కొన్నారో రెండు వాక్యాలు రాయండి. తెలుగులో రాసినా పర్వాలేదు.